వాంతి తర్వాత ఛాతీ నొప్పి: అన్నవాహిక చిట్లితే ఎలా పట్టుకోవాలి, ఏం చేయాలి

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, బాగా వాంతులయ్యాక ఛాతీ నొప్పితో వచ్చాడు. ఈసీజీ బాగానే ఉంది. గ్యాస్ అనుకుని పాంటాప్ ఇచ్చాం, తగ్గలేదు. మనిషేమో చెమటలు కక్కుతున్నాడు. ఇప్పుడేం చేయాలి?" అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. ఇది క్యాజువాలిటీలో కూర్చునేవాళ్ల కోసం రాసింది. సర్జరీ పీజీలకు పనికొచ్చే ముక్క చివర్లో ఉంది.

అన్నవాహిక దానంతట అది చిట్లడం అరుదైన జబ్బే. కానీ దాన్ని అనుమానించడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. ఒక ప్రశ్న, మెడ మీద రెండు వేళ్లు, ఒక ఛాతీ ఎక్స్‌రే చాలు. ఈ మూడూ ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఉంటాయి. కేసు చేజారిందంటే చాలాసార్లు మిషన్ లేక కాదు, ఆ ప్రశ్న అడగక.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. వాంతి బలంగా తన్నుకొచ్చేటప్పుడు పైన గొంతు దగ్గరి కండరం తెరుచుకోకపోతే అన్నవాహికలో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు పొట్టకు 2–3 సెంటీమీటర్ల పైన, ఎడమ వైపు వెనక గోడ నిలువుగా చీలుతుంది. తిన్న అన్నం, ఆమ్లం, నోటిలోని క్రిములు అన్నీ ఛాతీలోకి పోతాయి. గంటల్లో సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒంట్లోని అవయవాలు దెబ్బతినే స్థితి) మొదలవుతుంది. 1724లో నెదర్లాండ్స్ వైద్యుడు హెర్మన్ బూర్హావ్ దీన్ని మొదట వర్ణించాడు. ఆయన చూసిన రోగి ఒక నౌకాదళాధిపతి. విందు తర్వాత కావాలని వాంతి చేసుకున్నాడు, బతకలేదు. ఆపరేషన్ చేసి మనిషిని బతికించడం 1940ల దాకా సాధ్యపడలేదు. ఇప్పటికీ వైద్యం అందకపోతే దాదాపు అందరూ చనిపోతారు. 24 గంటలు దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఎవరిలో అనుమానించాలి

40–60 ఏళ్ల మగవాళ్లు, మందు తాగేవాళ్లు, కడుపునిండా తిన్నాక వాంతి చేసుకున్నవాళ్లు ఎక్కువ. మన దగ్గర దసరా, పెళ్లి దావత్‌లు, జాతరల సీజన్‌లో క్యాజువాలిటీకి వచ్చే కేసుల్లో ఇలాంటివాళ్లు కలిసిపోతారు. తాగి వాంతులు చేసుకున్నవాడంటే మనకు చిన్నచూపు ఉంటుంది. "మందు దిగితే అదే సర్దుకుంటది" అని స్ట్రెచర్ పక్కకు తోస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది. వాంతి లేకుండా మూర్ఛ, కాన్పు నొప్పులు, బరువులెత్తడం వల్ల కూడా చిట్లవచ్చు, కాకపోతే తక్కువ.

ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

ఈసీజీ మిషన్, ఎక్స్‌రే, ఆక్సిజన్, సక్షన్. రెండు లావు క్యాన్యులాలు, రింగర్ లాక్టేట్ బాటిళ్లు. 28 నుంచి 32 సైజు ఛాతీ గొట్టం, అండర్‌వాటర్ సీల్ బాటిల్ (ఐసీడీ సెట్). పిపరాసిలిన్–టాజోబాక్టమ్, అది లేకపోతే సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్. పాంటోప్రజోల్, ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంజెక్షన్లు, ఐవీ పారాసెటమాల్, నార్‌ఎడ్రినలిన్. ఐసీడీ సెట్ స్టోర్‌లో తాళం వేసి ఉంటే లేనట్టే లెక్క. తాళం ఎవరి దగ్గర ఉందో డ్యూటీ ఎక్కేటప్పుడే కనుక్కోండి.

1. వరుస అడగండి

అడగాల్సిన ప్రశ్న ఇది: "పెద్దయ్యా, ముందుగాల వాంతులైనయా, ముందుగాల నొప్పి లేసిందా?"

గుండెపోటులోనూ వాంతులవుతాయి. కానీ అక్కడ సాధారణంగా నొప్పి, చెమట ముందు, వాంతి తర్వాత. అన్నవాహిక చిట్లినప్పుడు బలంగా వాంతి, వెంటనే కత్తితో పొడిచినట్టు నొప్పి. అది ఛాతీ కింది భాగంలో, పొట్ట పైభాగంలో, వీపులో, ఎడమ భుజంలో ఎక్కడైనా ఉండొచ్చు. మింగితే, గాలి పీలిస్తే ఎక్కువవుతుంది.

రోగి చెప్పలేకపోతే వెంట వచ్చినవాళ్లను అడగండి. "ఛాతీ నొప్పి ఎప్పటి నుంచి?" అంటే "పొద్దుగాల నుంచి" అంటారు, వరుస తెలియదు. "వాంతి చేసుకునేటప్పుడు పక్కన ఎవరున్నారు? ఆ తర్వాత ఏమన్నాడు?" అని అడిగితే తెలుస్తుంది. సమయం గడియారం ప్రకారం రాయండి. రేపు సర్జన్ మొదట అడిగేది అదే.

వాంతిలో రక్తం బాగా పడి, నొప్పి పెద్దగా లేకపోతే లోపలి పొర మాత్రమే చీలే మాలరీ–వైస్ గురించి ఆలోచించండి. గోడ మొత్తం చిట్లినప్పుడు రక్తం సాధారణంగా తక్కువ, బాధ చాలా ఎక్కువ.

2. మెడ తడమండి

చొక్కా విప్పించి, కాలర్ ఎముక పైన గుంటలో రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. చర్మం కింద గాలి చేరితే వేళ్ల కింద కరకరలాడుతుంది. వాంతి, ఛాతీ నొప్పి, ఈ కరకర మూడూ కలిస్తే మాక్లర్ త్రయం అంటారు. పరీక్షల్లో ఇది ఇష్టమైన ప్రశ్న. రోగుల్లో మాత్రం మూడూ కలిసి కనిపించేది సగం మందిలో కూడా ఉండదు. గాలి మెడదాకా రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. కాబట్టి కరకర ఉంటే అనుమానం బలపడుతుంది. లేదని మాత్రం జబ్బును కొట్టిపారేయకండి.

పనిలో పనిగా గొంతు మారిందా గమనించండి. ఎడమ వైపు కింద స్టెతస్కోప్ పెట్టి ఊపిరి శబ్దం తగ్గిందేమో వినండి. పొట్ట పైభాగం గట్టిగా ఉండొచ్చు. దాన్ని చూసి అల్సర్ పగిలిందని పొట్ట కోసిన సందర్భాలు వైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి.

3. నోటితో ఏమీ ఇవ్వకండి

అనుమానం వచ్చిన క్షణం నుంచి నోటికి ఏమీ వద్దు. మంచినీళ్లు, యాంటాసిడ్ సిరప్, ఈనో, మాత్ర ఏదీ వద్దు. కేస్‌షీట్ మీద ఎన్‌బీఎం అని రాయడంతో పని అయిపోదు. అటెండెంట్లకు అర్థమయ్యేలా చెప్పాలి. మన దగ్గర దాహమన్నవాడికి నీళ్లివ్వకపోతే పాపమనుకుంటారు. మీరు అటు తిరగగానే ఇంటావిడ చెంచాడు కొబ్బరినీళ్లు పోస్తుంది. "అమ్మా, అన్నం పోయే గొట్టం చినిగిందేమోనని మా అనుమానం. నువ్వు పోసిన నీళ్లు కడుపులకు పోవు, ఊపిరితిత్తుల పక్కకు పోతయి. పెదాలు తడిగుడ్డతోని తుడువు, అంతే." ఇలా చెబితే వింటారు. మంచం దగ్గరున్న నీళ్ల బాటిల్ మీరే తీయించేయండి.

4. ఈసీజీ తీయండి, కానీ దానికి కట్టుబడి ఉండిపోకండి

ఈసీజీ తప్పనిసరి. స్పష్టంగా ఎస్‌టీ ఎలివేషన్ ఉండి కథ కూడా గుండెపోటులాగే ఉంటే గుండెపోటు వైద్యమే చేయండి, ఆలస్యం చేయకండి. అక్కడక్కడా చిన్న మార్పులు ఉండి, వాంతి ముందు వచ్చి ఉంటే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. లోడింగ్ డోస్ మాత్రలు మింగించకముందు, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కించకముందు ఛాతీ ఎక్స్‌రే చూడండి. అన్నవాహిక చిట్లినవాడికి ఆ ఇంజెక్షన్ పడితే ఛాతీలో రక్తస్రావం కావొచ్చు, ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మింగించడం రెండు రకాలా చేటు.

ఇంకో చోట కూడా దారి తప్పుతాం. రక్తంలో అమైలేజ్ పెరిగిందని ప్యాంక్రియాటైటిస్ అని రాసేస్తాం, అందులోనూ తాగేవాడైతే ఇక ఆలోచించం. లాలాజలంలోనూ అమైలేజ్ ఉంటుంది. అది ఛాతీలోకి కారి రక్తంలోకి చేరుతుంది. లైపేజ్ కూడా చేయిస్తే తేడా తెలుస్తుంది.

5. ఛాతీ ఎక్స్‌రే చదవండి

కూర్చోబెట్టి తీయించండి. పడుకోబెట్టి తీస్తే నీటి మట్టం కనిపించదు. ఫిల్మ్ రాగానే ఈ వరుసలో చూడండి. ముందు ఎడమ వైపు అడుగున నీరుందా, నీటి పైన గాలి మట్టం ఉందా. తర్వాత గుండె ఎడమ అంచు పక్కన సన్నటి నల్లగీత ఉందా. అది మీడియాస్టినంలో (రెండు ఊపిరితిత్తుల మధ్య భాగంలో) గాలి. ఎడమ డయాఫ్రం దగ్గర ఆ గీత 'వి' ఆకారంలో కనిపించవచ్చు. చివరగా మెడ కండరాల మధ్య నల్లటి చారలు.

తొలి గంటల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. సుమారు 10 శాతం మందిలో అంతే. కథ బలంగా ఉంటే మామూలు ఎక్స్‌రే చూసి ఇంటికి పంపకండి, సీటీకి పంపండి. సీటీ అందుబాటులో లేకపోతే రెండు మూడు గంటల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించండి. అయితే ఆ రెండో ఎక్స్‌రే కోసం రెఫరల్ ఆపకండి.

ఉత్తర తెలంగాణలో ఎక్కువగా జరిగే పొరపాటు టీబీ. ఎడమ వైపు నీరు, గాలి కనిపించగానే మన బుర్ర టీబీ వైపు వెళ్తుంది. నీరు తీసి ఏడీఏ (టీబీ అనుమానంతో చేసే పరీక్ష) పంపుతాం. చీము పట్టిన నీటిలో ఏడీఏ ఎలాగూ పెరగొచ్చు. "ఏడీఏ ఎక్కువ, టీబీ మందులు మొదలుపెట్టండి" అని వారం గడిచిపోతుంది. టీబీ నీరు సాధారణంగా రోజులు, వారాల కథ. నిన్న రాత్రి దావత్‌లో బాగున్న మనిషికి ఈ రోజు పొద్దున ఛాతీ నిండా నీరుంటే అది టీబీ కథ కాదు.

6. సెప్సిస్‌కు వైద్యం ఇప్పుడే మొదలుపెట్టండి

నిర్ధారణ కోసం ఎదురుచూడకండి. రెండు క్యాన్యులాలు పెట్టి రక్తం తీసి పంపండి. బ్లడ్ కల్చర్ సౌకర్యం ఉంటే యాంటీబయాటిక్ కంటే ముందు తీయండి, లేకపోతే దానికోసం ఆగకండి. పెన్సిలిన్ పడదేమో అడిగి పిపరాసిలిన్–టాజోబాక్టమ్ 4.5 గ్రాములు ఇవ్వండి, తర్వాత ప్రతి 6–8 గంటలకు. అది లేకపోతే సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు. పాంటోప్రజోల్ ఐవీలో ఇవ్వండి. ఫంగస్ మందు అందరికీ మొదటి గంటలోనే అక్కర్లేదు. అది పై ఆసుపత్రి నిర్ణయం.

బీపీ పడితే రింగర్ లాక్టేట్ కిలోకు 30 ఎంఎల్ లెక్కన మొదటి 3 గంటల్లో వెళ్లేలా చూడండి. అయినా మీన్ ప్రెషర్ 65 దాటకపోతే నార్‌ఎడ్రినలిన్ మొదలుపెట్టండి. యూరిన్ క్యాథెటర్ వేసి గంటకు కిలోకు అర ఎంఎల్ వస్తోందా చూడండి.

నొప్పికి ఐవీ పారాసెటమాల్ 1 గ్రాము. సరిపోకపోతే ఫెంటనిల్ లేదా మార్ఫిన్ కొద్దికొద్దిగా. ట్రమడాల్‌తో వాంతులొస్తాయి. ఇక్కడ మళ్లీ వాంతి అయితే చిరుగు పెద్దదవుతుంది. అందుకే ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు తోడుగా ఇవ్వండి. షాక్‌లో ఉన్నవాడికి డైక్లోఫెనాక్ వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి.

చేయకూడనివి రెండున్నాయి. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) గుడ్డిగా తోయకండి. చిరుగులోంచి ఛాతీలోకి పోతుంది. అవసరమైతే ఎండోస్కోపీలోనో స్క్రీనింగ్ కిందో చూసి వేస్తారు. బైపాప్, సీపాప్ పెట్టకండి. ఒత్తిడితో పోయే గాలి చిరుగు గుండా ఛాతీలోకి వెళ్తుంది. ఆక్సిజన్ మాస్క్ చాలకపోతే శ్వాసనాళంలో ట్యూబ్ వేయడమే మేలు. అప్పుడూ అంబు బ్యాగ్ గట్టిగా, ఎక్కువసేపు నొక్కొద్దు.

7. ఎడమ వైపు నీరుంటే ఐసీడీ ఇక్కడే వేయండి

చాలామంది వెనకాడేది ఈ అడుగు దగ్గరే. "వరంగల్‌లో వేస్తారులే" అని పంపేస్తారు. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ చేరేదాకా ఆ మురికి లోపలే ఉంటుంది. గాలి ఒత్తిడి పెరిగితే దారిలోనే ప్రాణం పోవచ్చు. ఎక్స్‌రేలో నీరు, గాలి కనిపిస్తే, మీకు ఐసీడీ వేయడం వస్తే వేసి పంపండి.

ఎక్స్‌రే చూసి వైపు ఖాయం చేసుకోండి. సాధారణంగా ఎడమే, కుడి వైపు, రెండు వైపులా కూడా ఉండొచ్చు. చంక కింది భద్ర త్రికోణంలో, ఐదో పక్కటెముకల సందులో, కింది ఎముక పై అంచున వెళ్లండి. ముందు వేలు పెట్టి లోపల తడమండి. ట్రోకార్‌తో (గొట్టంలో ఉండే మొనతేలిన కడ్డీతో) పొడవకండి. సన్నగొట్టం పెడితే అన్నం మెతుకులతో మూసుకుపోతుంది.

వచ్చిన నీటిని చూడండి, వాసన చూడండి. మురికి రంగు, పుల్లటి వాసన, పప్పు బద్దలు, మెతుకులు కనిపిస్తే నిర్ధారణ అయిపోయినట్టే. ల్యాబ్ ఉంటే అమైలేజ్, పీహెచ్ పంపండి. అమైలేజ్ బాగా ఎక్కువ, పీహెచ్ 6 కంటే తక్కువ అయితే ఇదే జబ్బుకు బలమైన సాక్ష్యం. నీలం మందు తాగించి గొట్టంలోకి వస్తుందేమో చూడాలా అని అడుగుతుంటారు. మెతుకులు కనిపించాక దాంతో పనిలేదు. కనిపించకపోతే సీటీ మేలు. చిన్న ఆసుపత్రిలో ఆ పరీక్ష కోసం నోటితో ఏదీ తాగించకండి.

8. సీటీ ఉన్నచోట

సీటీ అడిగేటప్పుడు ఫారం మీద "ఛాతీ సీటీ" అని మాత్రమే రాస్తే నోటి కాంట్రాస్ట్ లేకుండా తీసేస్తారు. "అన్నవాహిక చిట్లిందని అనుమానం, నీటిలో కరిగే కాంట్రాస్ట్ నోటితో ఇచ్చి ఛాతీ, పొట్ట పైభాగం" అని రాయండి. పల్చటి అయోహెక్సాల్ కొద్దిగా మింగిస్తే సరిపోతుంది. గ్యాస్ట్రోగ్రాఫిన్ పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ నీరు చేరుతుంది. మత్తులో ఉన్నవాడికి, దగ్గలేనివాడికి అది వద్దు. వెంటిలేటర్ మీదున్నవాళ్లకు నోటి కాంట్రాస్ట్ లేకుండానే తీయించండి. అన్నవాహిక చుట్టూ గాలి బుడగలు, నీరు కనిపిస్తే చాలు.

సీటీలో తేలకపోతే కాంట్రాస్ట్ మింగించి స్క్రీనింగ్ చేస్తారు. ముందు నీటిలో కరిగేదే. అందులో లీక్ కనిపించకున్నా అనుమానం పోకపోతే పల్చటి బేరియం. మొదటే బేరియం ఇస్తే, లీకున్నప్పుడు అది మీడియాస్టినంలో వాపు తెస్తుంది. తర్వాతి సీటీలనూ పాడుచేస్తుంది. నిర్ధారణ కోసమే ఎండోస్కోపీతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. లోపలికి ఊదే గాలి చిరుగులోంచి ఛాతీలోకి వెళ్తుంది. సర్జన్, అనస్థీషియా పక్కనుంటే వేరే మాట.

పురుగుల మందు కేసులు

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇది మన ప్రాంతంలో ప్రత్యేకం. పురుగుల మందు తాగినవాడికి ఊళ్లో ఉప్పునీళ్లో సబ్బునీళ్లో తాగించి, గొంతులో వేళ్లు పెట్టి కక్కిస్తారు. తర్వాత దగ్గరి ఆసుపత్రిలో లావు గొట్టం వేసి కడుపు కడుగుతారు. బలవంతపు వాంతి వల్ల అన్నవాహిక చిట్లొచ్చు, గొట్టం గుచ్చుకుని కూడా చిట్లొచ్చు. కానీ రోగి మత్తులో ఉంటాడు, ట్యూబ్ ఉంటుంది, నొప్పని చెప్పలేడు.

పైగా విరుగుడుగా అట్రోపిన్ పడుతూ ఉంటుంది. నాడి 130 ఉంటే అట్రోపిన్ వల్ల అనుకుంటాం. జ్వరం వస్తే అదీ అట్రోపిన్ వల్లే అనుకుంటాం. సెప్సిస్ దాని వెనక దాక్కుంటుంది. అందుకే ఈ కేసుల్లో అడ్మిషన్ రోజు ఒకటి, మర్నాడు ఒకటి ఛాతీ ఎక్స్‌రే అలవాటుగా తీయించండి. రోజూ మెడ తడమండి. అట్రోపిన్ తగ్గిస్తున్నా నాడి, జ్వరం తగ్గకపోతే, ఎడమ వైపు కొత్తగా నీరు చేరితే సీటీకి పంపండి. దాన్ని ఆస్పిరేషన్ న్యుమోనియా అని మూసేయకండి. న్యుమోనియాలో మెడ కింద కరకర రాదు. ఊళ్లో ఆశా కార్యకర్తలకు, ఆర్‌ఎంపీలకు కూడా చెప్పండి: పురుగుల మందు తాగినవాణ్ని కక్కించొద్దు, 108 పిలవండి.

9. రెఫర్ చేసే ముందు ఫోన్ చేయండి

కాగితం రాసిచ్చి అంబులెన్స్ ఎక్కించడం రెఫరల్ కాదు. ముందు ఫోన్ చేసి ఒకటే అడగండి: ఛాతీ తెరవగలిగే సర్జన్, ఎండోస్కోపీ, సీటీ, వెంటిలేటర్ ఉన్న ఐసీయూ బెడ్ ఈ రాత్రి నాలుగూ ఉన్నాయా? వరంగల్ చుట్టుపక్కల నుంచైతే ఎంజీఎం (వరంగల్ పెద్దాసుపత్రి) సర్జరీ డ్యూటీ టీమ్‌తో మాట్లాడండి. అక్కడ కుదరకపోతే మరో మూడు గంటలు ప్రయాణం చేసి హైదరాబాద్ వెళ్లాలి. ఆ నిర్ణయం ఫోన్‌లోనే జరగాలి, ఎంజీఎం గేటు దగ్గర కాదు. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. ఆ రాత్రి బెడ్ ఎక్కడ ఖాయమైతే అక్కడికే పంపండి. అయితే రాష్ట్రం దాటితే ఆరోగ్యశ్రీ కార్డు సంగతి ఏమిటో ఆరోగ్యమిత్రను అడిగి, ఇంటివాళ్లకు ముందే చెప్పండి. డబ్బుల టెన్షన్‌తో దారిలో బండి వెనక్కి తిప్పించేవాళ్లూ ఉంటారు.

ఎక్స్‌రే ఫిల్మ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. ట్యూబ్‌లైట్‌కు ఎత్తిపట్టి తీస్తే సన్నటి గాలి గీత కనిపించదు. రెఫరల్ చీటీలో రాయాల్సినవి: వాంతి అయిన టైమ్, నొప్పి మొదలైన టైమ్, చివరిసారి తిన్నది, యాంటీబయాటిక్ ఇచ్చిన టైమ్, ఐసీడీలో వచ్చినది ఎంత, ఎలా ఉంది. పై వరుసలోనే "అన్నవాహిక చిట్లిందని అనుమానం" అని రాయండి. "ఛాతీ నొప్పి, ఉన్నత వైద్యం కోసం" అని రాస్తే అక్కడ మళ్లీ ఈసీజీ నుంచి మొదలవుతుంది.

బండిలో తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి. ఐసీడీ బాటిల్ ఛాతీ కంటే కింద ఉండాలి. గొట్టానికి క్లాంప్ వేయకండి. దారిలో బాటిల్ ఒలుకుతుందని క్లాంప్ వేసి పంపడం ఎక్కువగా చూస్తాం. గాలి లోపలే చిక్కుకుని ఊపిరి ఆగేది అప్పుడే. బాటిల్‌ను స్ట్రెచర్‌కు టేప్‌తో కట్టండి. బండి బయల్దేరేముందు నీటి మట్టం ఊపిరితో పాటు ఆడుతోందా చూడండి. ఆడకపోతే గొట్టం మడతపడి ఉండొచ్చు, మూసుకుపోయి ఉండొచ్చు.

10. పై ఆసుపత్రిలో: ఏ వైద్యం ఎవరికి

పీజీలకు మాత్రమే. ముందు ప్రమాదం ఎంతో అంచనా వేసే పిట్స్‌బర్గ్ స్కోరు వేయండి. 75 దాటిన వయసు, నాడి 100కు పైన, తెల్లకణాలు 10,000కు పైన, ప్లూరల్ నీరు: ఒక్కోదానికి 1. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్‌కు పైన, అదుపులో లేని లీక్, ఊపిరి ఇబ్బంది, నిర్ధారణకు 24 గంటలు దాటడం: ఒక్కోదానికి 2. క్యాన్సర్, బీపీ పడిపోవడం: ఒక్కోదానికి 3. మొత్తం 18. రెండు వరకు తక్కువ ప్రమాదం, 3–5 మధ్యస్థం, ఐదు దాటితే ఎక్కువ. స్కోరు మీ బదులు నిర్ణయం తీసుకోదు, సీనియర్‌తో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఆపరేషన్ లేకుండా చూడొచ్చా? లీక్ చిన్నదై, ఒకచోటే ఆగి, తిరిగి అన్నవాహికలోకే కారుతూ, సెప్సిస్ లేకుండా, మనిషి నిలకడగా ఉంటే చూడొచ్చు. వాంతితో చిట్లినవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువ. మొదట్లో అలా ఉన్నవాళ్లు కూడా మారిపోతారు కాబట్టి గంటగంటకూ చూడాలి.

తొందరగా వచ్చి, కణజాలం బాగుంటే కుట్టడమే మంచిది. ఎడమ థొరకాటమీ (ఛాతీ తెరవడం), ఏడో పక్కటెముకల సందు. ఇక్కడ జూనియర్లు చేసే పెద్ద తప్పు కండరంలో కనిపించిన చిరుగు వరకే కుట్టడం. లోపలి పొర చిరుగు దానికంటే పొడవుగా ఉంటుంది. కండరాన్ని పైకీ కిందికీ నిలువుగా తెరిచి, లోపలి చిరుగు రెండు కొసలూ కళ్లారా చూశాకే కుట్టు మొదలుపెట్టండి. లోపలి పొర ఒక వరుస, కండరం ఇంకో వరుస. పైన పక్కటెముకల మధ్య కండరమో, ప్లూరానో, పొట్ట పైభాగమో కప్పండి. లోపల బాగా కడిగి రెండు గొట్టాలు పెట్టండి. ఫీడింగ్ జెజునాస్టమీ (తిండి పెట్టడానికి పేగులోకి గొట్టం) చేయకుండా బయటికి రాకండి. "ఏడు రోజులకు ఎలాగూ తింటాడు" అనుకుని వదిలేస్తే, లీకైతే మూడు వారాలు టీపీఎన్ (రక్తనాళం ద్వారా ఇచ్చే పోషణ) మీద ఆధారపడాలి. ఆ ఖర్చు మన రోగులు భరించలేరు.

24 గంటలు దాటితే కుట్టకూడదని రాయి మీద చెక్కిన నియమమేమీ లేదు. గోడ కుట్టు పట్టేలా ఉంటే కుట్టొచ్చు. మెత్తగా చివికిపోయి ఉంటే టీ–ట్యూబ్ పెట్టి బయటికి దారి చేయడం, మరీ చెడిపోతే మెడ దగ్గర లాలాజలాన్ని బయటికి మళ్లించడం. కవర్డ్ స్టెంట్, ఎండోస్కోపిక్ వ్యాక్యూమ్ వైద్యం ఇప్పుడు మంచి ప్రత్యామ్నాయాలు. వ్యాక్యూమ్‌లో స్పాంజ్ 3–5 రోజులకోసారి మార్చాలి. స్టెంట్ జారిపోతుంది కాబట్టి ఎక్స్‌రేతో చూస్తుండాలి. ఒకటి మాత్రం మరిచిపోవద్దు: స్టెంట్ చిరుగును మూస్తుంది, ఛాతీలోని మురికిని తీయదు. దానికి వేరే డ్రైనేజ్ ఉండాల్సిందే.

11. పని చేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

రోజూ నాడి, జ్వరం, మూత్రం, ఐసీడీలో వచ్చేది ఎంత, ఏ రంగు. తెల్లకణాలు, సీఆర్‌పీ (రక్తంలో వాపును చూపే పరీక్ష) తగ్గుముఖం పట్టాలి. తగ్గుతున్న సీఆర్‌పీ మళ్లీ ఎక్కితే, గొట్టంలో ద్రవం చిక్కబడితే లీకో, చీము గూడో ఉన్నట్టు. అమైలేజ్ పంపండి, సీటీ తీయించండి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి విచ్చుకోకపోతే దాని మీద చీము పొర కట్టిందేమో చూడాలి. దాన్ని ఒలిచే ఆపరేషన్ కావాల్సి రావొచ్చు.

సుమారు ఏడో రోజు కాంట్రాస్ట్ మింగించి చూస్తారు. లీక్ లేకపోతే ముందు మంచినీళ్లు, తర్వాత పల్చటి జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం పెరుగు. మింగడం మొదలుపెట్టాకే చివరి గొట్టం తీయండి. నోటితో తీసుకున్నాక గొట్టంలో మార్పు రాలేదని చూసుకుని తీయాలి. చిన్న లీకున్నా భయపడక్కర్లేదు. డ్రైనేజ్ బాగుండి, జ్వరం లేకపోతే, పేగు గొట్టంతో తిండి పెడుతూ ఆగితే చాలావరకు మూసుకుపోతుంది.

ఇంటికి పంపేటప్పుడు పేగు గొట్టం ఉంటే, ప్రతి ఫీడ్‌కు ముందూ తర్వాతా 30 ఎంఎల్ నీళ్లు పోయమని చేసి చూపించండి. జావను పల్చటి గుడ్డలో వడకట్టాలి. మాత్రల పొడి అందులో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. మందు మానిపించడానికి డీఅడిక్షన్‌కు పంపండి, లివర్ కూడా చూడండి. 6–8 వారాలకు ఎండోస్కోపీ రాసివ్వండి. వయసు తక్కువైతే, ముందు నుంచీ మింగడంలో ఇబ్బంది ఉంటే ఇసినోఫిలిక్ ఇసోఫజైటిస్ (అలర్జీ తరహా అన్నవాహిక వాపు) కోసం బయాప్సీలు తీయాలి. కుట్టినచోట సన్నబడి, అన్నం ముద్ద గొంతు కింద ఆగినట్టు అనిపిస్తే ఎండోస్కోపీ తారీఖు వరకు ఆగకుండా వెంటనే రమ్మని చెప్పండి. బెలూన్‌తో వెడల్పు చేయొచ్చు.